పచ్చ చీటీ

జూన్ పదకొండు, మంగళవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పేర్లపాలెం రొయ్యల కంపెనీ గేటు దగ్గర ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళను ఆపేశారు. కాపలావాడి చేతిలో రెండు పేజీల కాగితం ఉంది. అతను పేర్లు చదివాడు. పేరు వచ్చినవాళ్ళు గోడ వారకు వెళ్ళి నిలబడ్డారు. మిగిలినవాళ్ళు టోపీలు పెట్టుకుని లోపలికి వెళ్ళారు. ఆరున్నరకు గేటు మూశారు.

ఆరు నలభైకి హైదరాబాదులో డాక్టర్ మైలపల్లి సత్యవాణి ఫోను మోగింది. చేసింది ఆ ఊరి ఆశా కార్యకర్త భూలక్ష్మి.

"మేడమ్, ఆ కాగితం మీరిచ్చేరా?"

"ఏ కాగితం?"

"మన కంటి పరీక్షదండి. పసుపొచ్చినోళ్ళు, ఎరుపొచ్చినోళ్ళు. పేర్లన్నీ కాపలావోడు బయటకి సదివేడు."

"అది మన కాగితం అయ్యుండదు. కంపెనీ వాళ్ళు ఇంకేదో రాసుకుని ఉంటారు."

"మనదేనండి. మంగాదేవి పేరు నేను 'మంగదేవి' అని రాసేను గదా, దీర్ఘం మర్చిపోయి. ఆ కాగితంలోనూ దీర్ఘం లేదు. ఆవిడ సూసి నాకు సెప్పింది."

సత్యవాణి మంచం మీద లేచి కూర్చుంది.

"ఆళ్ళందరూ మా ఇంటి ముందే ఉన్నారండి," అంది భూలక్ష్మి. "నేనేటి సెప్పను?"

* * *

ఆ యంత్రానికి నేత్రి అని పేరు. సత్యవాణి దాని మీద తొమ్మిదేళ్ళు పని చేసింది. మనిషి గడ్డం ఒక పీట మీద ఆనించి కూర్చుంటే యంత్రం ఒక్కొక్క కంటిని ఎనిమిది సెకన్లు చిత్రం తీస్తుంది. తెల్లగుడ్డులోని రక్తనాళాలు ఎలా వంకర తిరిగాయో, వెలుగు పడినప్పుడు కంటిపాప ఎంతసేపటికి ముడుచుకుందో కొలుస్తుంది. కాలేయానికి మచ్చ పడడం మొదలైతే మనిషికి తెలియడానికి ఆరేడేళ్ళు పడుతుంది. తెలిసేసరికి చేయగలిగింది ఉండదు. నేత్రి మొదటి ఏడాదే చెబుతుంది. మొదటి ఏడాది తెలిస్తే మందుంది.

సత్యవాణి పుట్టింది పేర్లపాలెంలోనే. ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి కాలేయం పాడై చనిపోయాడు. అతని కళ్ళు రంగు మారాయని ముందు కనిపెట్టింది అక్క నూకరత్నం. అప్పటికి నూకరత్నానికి పన్నెండేళ్ళు. "అమ్మా, నాన్న కళ్ళు పచ్చబడ్డాయే," అంది. ఊళ్ళో పసరు పోయించారు. నలభై రోజులకు పోయాడు. ఆ వారమే నూకరత్నం బడి మాని రొయ్యల తలలు తీసే పనిలో చేరింది. సత్యవాణి బడి మానలేదు.

ఈ సంగతి సత్యవాణి తన సిద్ధాంత వ్యాసం మొదటి పేజీలో రాసుకుంది. ఇంగ్లీషులో రాసింది కాబట్టి పచ్చ అనే మాట అందులో లేదు.

శిబిరం మే ఇరవై తొమ్మిదిన మొదలైంది. ఆ తీరంలో కాలేయం జబ్బు ఎందుకు ఎక్కువో తేల్చడం దాని ఉద్దేశం. కంపెనీ తన భోజనాల హాలు ఇచ్చింది. మొదటి రోజు సత్యవాణి ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అంగీకార పత్రం చదివి వినిపించింది. తెలుగు ప్రతి ఆమె రాసిందే. అందులో పదకొండు వాక్యాలున్నాయి. పదకొండో వాక్యం: "ఈ ఫలితం మీరూ నేనూ తప్ప మూడో మనిషి చూడరు."

"మా ఆయన కూడానా?" అని అడిగింది మంగాదేవి.

"మీ ఆయన కూడా."

"అయితే రెండుసార్లు తియ్యమ్మా ఫొటో. ఆడికి తెలీకుండా నాకు ఏదో ఒకటుండాలి గదా."

హాలంతా నవ్వారు.

ఫలితం చీటీ మీద వస్తుంది. వేలెడు వెడల్పున్న కాగితం, దాని మీద నల్ల అక్షరాలతో రంగు పేరు. ఎరుపు అంటే వెంటనే ఆసుపత్రికి. పసుపు అంటే మచ్చ మొదలైంది, మందు వాడాలి. ఏమీ లేకపోతే ఆకుపచ్చ. చీటీ తయారుచేసేటప్పుడు ఆకుపచ్చ అనే మాట పట్టలేదు. 'ఆకుప' దగ్గర తెగిపోయింది. ల్యాబులో కుర్చీలో వెనక్కి వాలి ఇంజనీరు అడిగాడు, ఏం చేద్దామని. "పచ్చ అని పెట్టెయ్యి," అంది సత్యవాణి. ఇంకో ఫైలు చూస్తూ అంది.

శిబిరంలో మాత్రం ఆమె ప్రతి మనిషికీ నోటితో చెప్పింది. "పచ్చంటే భయం లేదు. రైలుకి పచ్చ జెండా ఊపినట్టు. పదమని." ఎనిమిది రోజుల్లో నాలుగు వందల నలుగురికి చెప్పింది.

తొమ్మిదో రోజు, జూన్ ఆరు, ఆమె అక్కడ లేదు. ముందు రోజు సాయంత్రం ప్రొఫెసర్ ముక్తేశ్వరరావు ఫోను చేసి పొద్దున్నకల్లా హైదరాబాదులో ఉండమన్నాడు. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు, యంత్రం గురించి నువ్వే చెప్పాలి అన్నాడు. ఆ తొమ్మిదో రోజు మిగిలిన ఇరవై ఏడు మందికి ల్యాబు మనిషి పరీక్ష చేశాడు. చీటీలు భూలక్ష్మి పంచింది. మూడో మనిషి చూడకూడదని మేడమ్ చెప్పింది కాబట్టి ఆమె ఒక్క చీటీ కూడా చూడలేదు. మడత పెట్టి చేతిలో పెట్టింది. రంగు గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ ఇరవై ఏడు మందిలో నూకరత్నం ఉంది. షిఫ్టు కుదరక ఆఖరి రోజు వరకూ ఆగింది.

* * *

జూన్ పదకొండు, ఉదయం పదింటికి సత్యవాణి ముక్తేశ్వరరావు గదిలోకి వెళ్ళింది. ఆయన దగ్గర ఆమె తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. ఆమె పెళ్ళికి కన్యాదానం పీటల మీద తండ్రి స్థానంలో కూర్చున్నది ఆయనే.

"కూర్చో," అన్నాడు.

ఆమె నిలబడే అడిగింది. "జాబితా కంపెనీకి ఎలా వెళ్ళింది సార్?"

ఆయన దాచలేదు. బల్ల సొరుగు తీసి ఒక ఒప్పందం ముందు పెట్టాడు. కంపెనీ హాలు ఇస్తుంది, మనుషుల్ని షిఫ్టుల మధ్య పంపిస్తుంది. బదులుగా ఫలితాలు కంపెనీకి ఇవ్వాలి. కింద ముక్తేశ్వరరావు సంతకం. తేదీ మే పదిహేడు. శిబిరానికి పన్నెండు రోజుల ముందు.

"వాళ్ళ హాలు, వాళ్ళ కరెంటు, వాళ్ళ మనుషులు. ఊరికే ఇస్తారా?"

"మనుషులు వాళ్ళవాళ్ళు కాదు సార్."

"జబ్బున్న చేతులు ఎగుమతి సరుకు మీద పడకూడదంటారు."

"ఇది చేతుల్లోంచి అంటుకునే జబ్బు కాదు."

"ఆ సంగతి నాకు తెలియదా? వాళ్ళకి చెప్పాను."

"చెప్పి ఇచ్చారు."

"చెప్పే ఇచ్చాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సత్యా, ఈ తీరం ఒక్కటి పూర్తయితే నేత్రి దేశమంతా వెళ్తుంది. లక్షల మంది బతుకుతారు. ముప్పై ఒక్క మందికి ఇంకో చోట పని దొరుకుతుంది."

"నాకు ముందే చెప్పుంటే..."

"నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆరో తారీఖున నన్నెందుకు పిలిచారు సార్? ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు. రైలు తప్పిపోయిందన్నారు."

ముక్తేశ్వరరావు ఒప్పందాన్ని తిరిగి సొరుగులో పెట్టాడు. యంత్రంలో నమోదైన సమయం తర్వాత విచారణలో చూశారు. కంపెనీ కోసం జాబితా తీసింది జూన్ ఆరు మధ్యాహ్నం పన్నెండు గంటల ఐదు నిమిషాలకు. ఆ రోజు మధ్యాహ్నం తర్వాత పరీక్ష చేయించుకున్న ఇరవై ఏడు మంది పేర్లు అందులో లేవు.

ఆ సాయంత్రం ఆమె అక్కకు మూడుసార్లు ఫోను చేసింది. తీయలేదు. మర్నాడు బావ సింహాద్రి తీశాడు.

"పనిలోకెళ్ళిందమ్మా."

"బాగుందా బావా?"

"బానే ఉంది," అన్నాడు. వెనక నుంచి నూకరత్నం గొంతు వినబడింది. ఆ సమయంలో ఆమె పనిలో ఉండాలి. సత్యవాణి ఇంకేమీ అడగలేదు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘానికి ఫిర్యాదు రాస్తోంది. అది పదమూడున ఇచ్చింది. విచారణ పదిహేడున పెట్టారు.

* * *

కంపెనీ నోటీసు బోర్డు మీద జూన్ పన్నెండున ఒక కాగితం అంటించారు. మిగిలినవారి జాబితా ఇరవై ఒకటిన వస్తుందని అందులో ఉంది.

నూకరత్నం దాన్ని చదివించుకుంది. ముందు రోజు గేటు దగ్గర ఆమె మంగాదేవి పక్కనే నిలబడింది. మంగాదేవిని పక్కకు లాగినప్పుడు చీటీ ఏమని వచ్చిందని అడిగింది. మంగాదేవి చూపించింది. పసుపు. నూకరత్నం రవికలోంచి తన చీటీ తీసి చూసుకుంది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి, కూడబలుక్కుని చదివింది. పచ్చ.

పసరు గవర్రాజు ఇల్లు పాత రేవు దగ్గర. నూకరత్నం తండ్రికి పసరు పోసింది అతని తండ్రే. కామెర్లకు పసరు కంట్లో పోస్తారు. గురువారం ఒక కన్ను, ఆదివారం ఒక కన్ను. కంట్లోంచి పచ్చనీరు కారిపోతే కార్జంలోంచి, అంటే కాలేయంలోంచి, జబ్బు దిగిపోయినట్టని ఆ ఊళ్ళో చెబుతారు. ఇరవై ఒకటో తేదీ లోపల కళ్ళు శుభ్రపడితే మళ్ళీ పరీక్ష చేయించుకుని గట్టెక్కుతానని నూకరత్నం సింహాద్రితో అంది. చెల్లెలికి చెప్పవద్దంది.

జూన్ పదమూడు, గురువారం ఉదయం ఏడింటికి గవర్రాజు ఆమె ఎడమ కంట్లో పసరు పోశాడు. ఆ రోజు అతని అరుగు మీద తొమ్మిది మంది కూర్చున్నారు. తొమ్మిది మందీ ఆరో తారీఖున పరీక్ష చేయించుకున్నవాళ్ళే. తొమ్మిది మంది చీటీల మీదా పచ్చ అనే ఉంది.

* * *

పదిహేడున విచారణ గంటన్నర జరిగింది. సంఘం ఎదుట అంగీకార పత్రాలు పెట్టారు. తెలుగు ప్రతిలో పదకొండు వాక్యాలు. ఇంగ్లీషు ప్రతిలో పన్నెండు. పన్నెండో వాక్యం ప్రకారం ఫలితాలను పరిశోధనకు సహకరించే సంస్థలతో పంచుకోవచ్చు. సంతకాలూ వేలిముద్రలూ ఇంగ్లీషు ప్రతి మీదే ఉన్నాయి. రెండు కాగితాలూ ఒకటేనని చెప్పి వేయించింది సత్యవాణి. ఆమె తెలుగు చేసేటప్పుడు ఇంగ్లీషులోనూ పదకొండే ఉన్నాయి. ఒకటి ఎప్పుడు చేరిందో సంఘం అడిగింది. మే పద్దెనిమిదిన అని ముక్తేశ్వరరావు చెప్పాడు.

ఆ రాత్రి బండికి సత్యవాణి కాకినాడ వెళ్ళింది. పద్దెనిమిది ఉదయం తొమ్మిదింటికి పేర్లపాలెంలో ఆటో దిగింది.

వీధిలో ఆడవాళ్ళు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నారు. సంతలో దొరికే ప్లాస్టిక్ అద్దాలు. ఎదురుపడిన ఒక ముసలామె కొంగు కళ్ళ మీదికి లాక్కుని పక్కకు తిరిగింది.

"మామ్మా, నేను సత్యాన్ని."

"తెలుసులే," అంది ముసలామె, గోడ వైపు చూస్తూనే. "నా కళ్ళకేసి సూడకు."

నూకరత్నం వసారాలో చాప మీద పడుకుని ఉంది. ఎడమ కంటికి తెల్లగుడ్డ కట్టి ఉంది. గుడ్డ తడిసి ఉంది.

"ఎందుకొచ్చేవు?"

"అక్కా, కంటికేమైంది?"

"నీకు తెలీదా? కన్ను సూసి కార్జం సెప్పేదానివి. గుడ్డ సూసి కన్ను సెప్పలేవా?"

సింహాద్రి చెప్పాడు. గురువారం పోశారు. శుక్రవారం నుంచి నొప్పి. ఆదివారం రెండో కంటికి తీసుకెళ్దామంటే లేవలేకపోయింది. ఆసుపత్రికి పదమంటే, అక్కడ రాసే కాగితం కూడా కంపెనీకి వెళ్తుందంది.

సత్యవాణి చాప పక్కన కూర్చుని గుడ్డ విప్పింది. చూసి మళ్ళీ కట్టింది. ఆటో ఆపి ఉంచమని సింహాద్రికి చెప్పింది.

"నన్ను ఒక్క మాట అడిగుంటే బాగుండేది కదే. ఒక్క ఫోను."

"నిన్నా? నిన్నడగాలా?" నూకరత్నం మోచేతి మీద లేచింది. "మూడో మనిషి సూడరన్నావంట. నాకు మంగ సెప్పింది. గేటుకాడ కాపలావోడు సదివేడే, మూడొందల మంది ముందు. ఆడెన్నో మనిషి?"

"అది నేనివ్వలేదు అక్కా. నా దగ్గర దాచి ఇచ్చారు."

"ఊరికి ఆ పెట్టె తెచ్చిందెవరు? మైలపల్లోళ్ళ పిల్ల, మన పిల్ల అని గడ్డం ఆనించేం. ఆ ముక్తేస్సరరావెవడో మాకు తెలుసా? ఆడొచ్చి కూకోమంటే కూకుందుమా?"

నూకరత్నం రవికలోంచి చీటీ తీసి చెల్లెలి ఒళ్ళో పడేసింది. చెమటకు అక్షరాలు అలుక్కున్నాయి కాని చదవడానికి వీలుగానే ఉన్నాయి.

"పచ్చ," అంది సత్యవాణి. "అక్కా, నీకేమీ లేదు. పచ్చంటే ఆకుపచ్చ. బాగుందని. నీకు జబ్బు లేదు. ఆ జాబితాలో నీ పేరు ఎప్పటికీ వచ్చేది కాదు."

నూకరత్నం చీటీ మీద వేలు పెట్టింది.

"మంగకి పసుపని వొచ్చింది. ఆపేసేరు. పసుపన్నా పచ్చన్నా ఒకటి కాదా?"

"కాదు. ఇందులో కాదు."

"నాన్న కళ్ళు ఏ రంగులో ఉండేవే?"

సత్యవాణి చీటీని మడత పెట్టింది.

"సెప్పు. నువ్వూ సూసేవు గదా. ఆఖర్రోజుల్లో ఏ రంగు?"

"పచ్చగా ఉండేవి."

"అదే రాసిచ్చేవు," అంది నూకరత్నం. మళ్ళీ పడుకుని గోడ వైపు తిరిగింది.

* * *

కాకినాడలో కంటి డాక్టరు నల్లగుడ్డు మీద పుండు లోతుకు దిగిందని చెప్పాడు. రెండు రోజుల ముందు తెచ్చుంటే అని మొదలుపెట్టి, సత్యవాణి డాక్టరని తెలిసి ఆపేశాడు. నూకరత్నం ఎడమ కంటి చూపు పోయింది. గవర్రాజు దగ్గరకు వెళ్ళిన మిగిలిన ఎనిమిది మందిలో ముగ్గురికి చీము పట్టింది. మందులతో తగ్గింది.

సత్యవాణి గవర్రాజు దగ్గరకు కూడా వెళ్ళింది. అతను అరుగు మీద పీట వేశాడు.

"జబ్బని నేననలేదమ్మా. నాడి కూడా పట్టుకోలేదు. మీ చీటీ సూసే పోసేను. పెద్ద సదువులోళ్ళు రాసిందని, పైగా ఓ సుక్క ఎక్కువే పోసేను."

జూన్ ఇరవై ఎనిమిదిన నైతిక సంఘం నివేదిక ఇచ్చింది. ఫలితాలు పంచుకోవడం సంతకాలున్న పత్రం ప్రకారమే జరిగిందని రాసింది. చీటీ మీద 'పచ్చ' అనే మాటను ఆమోదించింది డాక్టర్ సత్యవాణి అని, అది లోపమని, మార్చాలని రాసింది. జులై ఒకటిన ఆమె ల్యాబుకు రాజీనామా ఇచ్చింది. ముక్తేశ్వరరావు దాన్ని అదే రోజు ఆమోదానికి పైకి పంపించేశాడు, ఒక్క వాక్యం కూడా చేర్చకుండా.

ఆపేసిన ముప్పై ఒక్క మందిలో మందు మొదలుపెట్టినవాళ్ళు ఆగస్టు మొదటికి ఐదుగురు. మంగాదేవి వాళ్ళలో లేదు. భూలక్ష్మి ఆమె ఇంటికి నాలుగుసార్లు మందు పట్టుకెళ్ళింది. నాలుగుసార్లూ మంగాదేవి లోపలి నుంచి గడియ వేసుకుంది. మొదటి ఏడాది ఇంకా దాటలేదు.

* * *

ఆగస్టు పద్నాలుగున నూకరత్నాన్ని కంటి పరీక్షకు మళ్ళీ తీసుకెళ్ళారు. ఆసుపత్రి వరండాలో ఒక నేత్రి ఉంది. జులైలో తెచ్చి పెట్టారు. దాని ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

నూకరత్నం దాని దగ్గర ఆగింది.

"ఇదేనా?"

"ఇదే," అంది సత్యవాణి.

"తియ్యమను. నాకు లేదంటివిగా. సూద్దాం."

"ఒక కంటితో పూర్తిగా రాదే."

"వొచ్చినంతే వొస్తది."

నర్సు పీట తుడిచింది. నూకరత్నం గడ్డం ఆనించింది. ఎనిమిది సెకన్లు ఒకవైపు, ఎనిమిది సెకన్లు రెండో వైపు. యంత్రం చీటీ బయటకు తోసింది. సత్యవాణి చెయ్యి చాచింది. నూకరత్నం ముందే అందుకుని నర్సు చేతిలో పెట్టింది.

"అమ్మా, నువ్వు సదువు."

నర్సు చదివింది. చీటీ మీద సమయం పదకొండు గంటల ఇరవై ఆరు నిమిషాలు. ఎడమ కన్ను: చదవడం కుదరలేదు. కుడి కన్ను: పచ్చ.